కుడికాలి బూటు చెప్పిన చాడీ

నేను ఒక బూటును. కుడికాలి బూటును. నా బతుకు విని మీరు కళ్ళు తుడుచుకోవాలని నాకేమీ లేదు. నేను చాడీ చెప్పడానికి వచ్చాను. నన్ను తొడుక్కున్న మనిషంటే నాకు ఒళ్ళు మంట. అతని పేరు వరహాలరావు. విశాఖపట్నంలో బీమా కంపెనీ ఆఫీసరు, బీచ్ రోడ్డు పరుగుల సంఘంలో సీనియరు, ఇంటికి పెద్ద. ఈ అన్నిచోట్లా అతనికి మంచి పేరుంది. అతని పాదాన్ని నేను లోపలినుంచి చూశాను గనక ఆ మంచి పేరుతో నాకు పని లేదు.

నాకో జోడు ఉంది, ఎడమకాలిది. అది ఒట్టి సాధువు. ఏం జరిగినా "పోనీలే, మనకెందుకు" అంటుంది. అందుకే చెప్పే పని నా మీద పడింది.

తమిళనాడులో రేకుల కప్పున్న ఒక పెద్ద షెడ్డులో నన్ను తయారుచేశారు. రబ్బరు వాసన, జిగురు వాసన, ఫ్యాన్ల రొద. నా పైభాగం కుట్టినావిడ కాళ్ళకి అరిగిపోయిన హవాయి చెప్పులుండేవి. సాయంత్రం గంట కొట్టగానే బస్సు తప్పిపోతుందని ఆ చెప్పులతోనే గేటు దాకా పరుగు తీసేది. ఆవిడ మెడలో ఎవరూ పతకం వేయలేదు. మనుషుల పరుగు మీద నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది. బస్సు కోసం పరిగెత్తేవాళ్ళకి నాలాంటి బూట్లుండవు. నాలాంటి బూట్లున్నవాళ్ళు ఎక్కడికీ వెళ్ళే పని లేకుండా పరిగెత్తి, బయల్దేరిన చోటికే వచ్చి ఆయాసపడతారు.

నేను రోడ్డు మీద పరిగెత్తే రకం కాదు. కొండదారుల్లో, మట్టిలో, రాళ్ళలో జారకుండా నా అడుగున మేకగిట్టల్లాంటి రబ్బరు ముళ్ళుంటాయి. ట్రైల్ షూస్ అంటారు. వరహాలరావు నన్ను కొన్న రోజున షాపులో కుర్రాడు అతన్ని ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తించి, వెనకనుంచి వీడియో తీసి, "మీ పాదం లోపలికి వాలుతోంది సార్" అన్నాడు. ఇంకొకరైతే దిగులుపడేవాళ్ళు. ఇతను బిరుదిచ్చినట్టు పొంగిపోయాడు. ఆ వారమంతా కనబడ్డ ప్రతివాడికీ "నాది లోపలికి వాలే పాదమండీ" అని చెప్పుకున్నాడు. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు కారు కడిగి, స్కూటరు కడిగి, రెండింటికీ పసుపు కుంకుమ పెట్టి, ఆ వరసలోనే నన్నూ నా జోడునీ పీట మీద పెట్టాడు. పెట్టి బొట్టు పెట్టబోతుంటే వంటింట్లోంచి అతని భార్య సత్యవేణి అట్లకాడతో సహా వచ్చింది.

"ఏటండీ ఇది? చెప్పులకి బొట్టేటి? మతుండే చేస్తన్నారా?"

"చెప్పులు కాదే, షూస్. నా ఆయుధాలు ఇవే గదా."

"ఆయుధాలంట! ఎవలి మీదకి యుద్ధానికెళ్తన్నారు?"

వరహాలరావు నిమ్మకాయలు కింద పెట్టి, నన్ను తొడుక్కుని, కారు చక్రంతో తొక్కించినట్టు కసిగా తొక్కాడు. ఆ కసి నిమ్మకాయ మీదది కాదని నాకు అప్పుడే తెలిసింది. సత్యవేణికీ తెలుసు. ఎవరి మీదకి యుద్ధమో తెలిసే ఆవిడ అలా అడిగింది.

యుద్ధం తాతబాబు మీదకి. తాతబాబు సత్యవేణికి అన్నయ్య. అంతేకాదు, వరహాలరావు చెల్లెలు నాగరత్నాన్ని చేసుకున్నవాడు కూడా. ఆ రోజుల్లో రెండిళ్ళ పెద్దలూ కలిసి కుండమార్పిడి పెళ్ళిళ్ళు చేశారు. మా పిల్ల మీ ఇంటికి, మీ పిల్ల మా ఇంటికి. కాబట్టి వీళ్ళిద్దరూ ఎటునుంచి చూసినా ఒకరికొకరు బావలే. పొద్దున్నే కలిసి బీచ్ రోడ్డులో పరిగెత్తేవారు, కలిసి ఇడ్లీలు తినేవారు. ఒకడు పోర్టులో ఇంజనీరు, ఒకడు బీమా ఆఫీసరు. ఇద్దరికీ పొట్ట తగ్గించుకోవడం మొదలైన వయసులోనే పరుగు పిచ్చి పట్టింది.

ఇక గొడవ సంగతి. అది నేను పుట్టకముందు జరిగింది. అయినా వరహాలరావు నన్ను తొడుక్కుని బీచ్ రోడ్డులో ఈ కథ ఎంతమందికి చెప్పాడంటే, నాకు మాట మాటా నోటికొచ్చేసింది. అంతకు ముందు ఏడు అనంతగిరి వైపు కొండల్లో, కాఫీతోటల మధ్య పందెం జరిగింది. దిగుడులో వరహాలరావు చీలమండ మడతపడి పడిపోయాడు. లేవలేక దారిలో కూర్చుంటే వెనకనుంచి తాతబాబు వచ్చాడు. చూశాడు. ఆగలేదు. ఇంకా వేగం పెంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎవరో నలుగురు స్ట్రెచరు తీసుకొచ్చి వరహాలరావుని మోసుకెళ్ళారు.

"సొంత బావండీ! కళ్ళారా చూసీసి, లగెత్తుకుని వెళ్ళిపోనాడు" అంటాడు కథ చివర్లో. వింటున్నవాళ్ళు "అయ్యో, అలాగా" అంటారు. ఆ "అయ్యో" అంటే ఇతనికి చచ్చేంత ఇష్టం.

అక్కడితో వదిలేసినా బాగుండేది. పందెం తర్వాత సంఘంవాళ్ళందరూ టిఫిన్లు చేస్తుంటే, కాలికి కట్టుతో కూర్చుని అందరి ముందూ ఇతను ఒక మాట అన్నాడట. "ఇలాంటోడికి మా చెల్లినిచ్చి గొంతు కోశాం" అని. తాతబాబు చేతిలో ప్లేటు అక్కడే పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు. నేనిలా చేశాను, అందుకు చేశాను అని ఒక్క మాట చెప్పలేదు. అతనిది అదో రకం మొండితనం. మనసు విరిగితే నోరు కుట్టేసుకుంటాడు. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. నాగరత్నం అన్నగారి గుమ్మం తొక్కలేదు, సత్యవేణి అన్నగారి గుమ్మం తొక్కలేదు. వదినా వదినా ఇద్దరూ రైతుబజారులో కూరగాయల బండి చాటున కలుసుకుని, కంట్లో నీళ్ళు పెట్టుకుని, వంకాయలు ఏరుకుంటూ కబుర్లు చెప్పుకునేవారు. మగవాళ్ళ పౌరుషానికి ఆడవాళ్ళు పుట్టిల్లు పోగొట్టుకున్నారు. నాకు ఇంతకంటే దరిద్రం ఇంకోటి కనబడలేదు.

ఈ పరుగు మనుషుల సంగతి కూడా కొంచెం చెప్పాలి. వీళ్ళకి దెబ్బలంటే పరమ ప్రీతి. పొద్దున్నే కలవగానే "మీ అబ్బాయి ఎలా ఉన్నాడు" అని అడగరు, "మీ మోకాలు ఎలా ఉంది" అని అడుగుతారు. ఒకాయన తుంటి గురించి, ఒకావిడ పిక్క గురించి చుట్టాల్లా మాట్లాడతారు. వరహాలరావుకి మడమ నొప్పి పట్టింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే గాజుపెంకు మీద కాలేసినట్టు ఉండేది. డాక్టరు చూసి పరుగు మానేయమన్నాడు. ఇతను డాక్టర్ని మానేశాడు. రెండో ఆయనా అదే మాట చెప్పాడు, ఆయన్నీ మానేశాడు. చివరికి ఎవరో "నెమ్మదిగా పరిగెత్తితే ఫర్వాలేదు" అన్నాడు. ఆయన ఇతని దృష్టిలో ధన్వంతరి అయిపోయాడు. మడమకి పట్టీ చుట్టి, మందు చల్లి, ఆ ఘాటుతో సహా పాదాన్ని నాలో దూర్చేవాడు. వానాకాలంలో ఆ మందు, చెమట, తడి మేజోడు కలిసిన కంపు నేను భరించాను. నన్ను ఎండలో పెట్టమని సత్యవేణి అరిచేది. ఇతను వినేవాడు కాదు.

మళ్ళీ కొండల పందెం దగ్గరపడింది. అప్పుడు ఆడవాళ్ళిద్దరూ రైతుబజారులో ఒక నిర్ణయానికొచ్చారు. ఆ రోజు రాగానే సత్యవేణి సంచి కింద పెట్టి, భర్త ఎదురుగా నడుంమీద చెయ్యేసుకుని నిలబడింది. నేను గుమ్మం పక్కన స్టాండులో ఉన్నాను.

"వినండి. వదినా నేనూ అనుకున్నాం. ఈసారి కొండల్లో మీరిద్దరూ పరిగెడతన్నారు గదా? ఎవలు వెనకొస్తే ఆళ్ళు రెండోవాళ్ళింటికెళ్ళి ముందు మాటాడాలి. అక్కడితో గొడవ అయిపోవాలి."

"నేనెందుకు మాటాడతాను? తప్పు చేసింది మీ అన్న."

"మీరు గెలిస్తే మా అన్నయ్యే వచ్చి మాటాడతాడు. మీకు గెలవడం చేత కాదా ఏటి?"

"నీ అన్న ఒప్పుకున్నాడా?"

"వదిన ఒప్పించీసింది. మీరు ఒప్పుకోకపోతే రేపటినుంచి రాగిజావ లేదు, ఉడకబెట్టిన గుడ్లు లేవు, ఆ చెమట బట్టలు నేను ఉతకను. మీ ఇష్టం."

వరహాలరావు ఒప్పుకున్నాడు. ఆడవాళ్ళు ఎంత తెలివిగా ఆలోచించారో చూడండి! ఎవడు ఓడినా మాటలు కలుస్తాయి, ఎవడు గెలిచినా రెండు గుమ్మాలూ తెరుచుకుంటాయి. కానీ వాళ్ళు ఒక్కటే లెక్క తప్పారు. ముందు నోరు తెరవకుండా ఉండడానికి మగవాడు ఎంతకైనా తెగిస్తాడని వాళ్ళకి తట్టలేదు.

పందెం రోజు పొద్దున కొండల మీద మంచు పట్టి ఉంది. ఇద్దరు వదినలూ చలికి శాలువాలు కప్పుకుని, మజ్జిగ సీసాలూ తువ్వాళ్ళూ పట్టుకుని, బయల్దేరే చోట పక్కపక్కనే నిలబడ్డారు. అదే చివర్లో చేరే చోటు కూడా. తాతబాబు నారింజరంగు టోపీ పెట్టుకున్నాడు. వరహాలరావు అతనికేసి చూడకుండా చూస్తూ నా లేసులు బిగించాడు. ఎంత బిగించాడంటే నాకు ఊపిరాడలేదు.

ఎక్కుడంతా తాతబాబే ముందు. వరహాలరావు కళ్ళు దారి మీద లేవు, ఆ టోపీ మీదే ఉన్నాయి. దారి చెప్పడానికి చెట్లకి రిబ్బన్లు కట్టారు. ఇతనికి వాటితో పని లేదు, టోపీ ఎటు వెళితే అటే. అడుగు పడినప్పుడల్లా మడమ భగ్గుమంటోంది. పళ్ళు కొరుక్కుంటున్నాడు. కాఫీచెట్లు, మిరియాల తీగలు, మంచులో ఎర్రమట్టి, అవేవీ చూసిన పాపాన పోలేదు. నా మీద నాకే జాలేసింది. ఇంత అందమైన చోటికి ఇలాంటి మనిషిని మోసుకొచ్చానే అని.

శిఖరం దాటాక దిగుడు మొదలైంది. దారి సన్నం, ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. తాతబాబు దిగుడులో వేగం పెంచి ఒక మలుపు తిరిగాడు. టోపీ కనబడలేదు. ఇతను కుంటుతూ మలుపు దగ్గరికి వచ్చాడు. ముందు దారి చాలా దూరం తిన్నగా కనబడుతోంది, దాని మీద ఎవరూ లేరు.

"బావా!"

కిందనుంచి వచ్చింది ఆ పిలుపు. వరహాలరావు ఆగాడు. అంచు దాకా వచ్చాడు. నా కిందనుంచి చిన్నచిన్న రాళ్ళు జారి లోయలోకి పోయాయి. కింద పొదల్లో తాతబాబు వెల్లకిలా పడి ఉన్నాడు. మోకాలి కింద కాలు ఉండవలసిన వైపు లేదు. టోపీ పక్కన కొమ్మకి చిక్కుకుని ఉంది. పైకి చూశాడు, ఇతన్ని గుర్తుపట్టాడు, ఏడాది తర్వాత మళ్ళీ నోరు తెరిచాడు.

"బావా, కాలిరిగిపోనాది. ఎవలికైనా చెప్పు బావా."

చూశారా! ముందు ఎవడు మాట్లాడాలన్నదే కదా ఈ గోలంతా! మాట్లాడేశాడు. గొడవ అక్కడితో అయిపోవాలి. లోపల ఇతని కాలివేళ్ళు ముడుచుకుని నా అట్టని గట్టిగా పట్టుకున్నాయి. దిగబోతున్నాడని నేను అనుకున్నాను. ఒక్క క్షణం, ఈ మనిషి మీద నాకున్న మంట అంతా చల్లారింది కూడా.

"పోయినేడు నువ్వాగావేటి?" అన్నాడు వరహాలరావు.

అని మడమ ఎత్తాడు. వెళ్ళిపోయాడు. నేను రాయికి తగిలి పడేద్దామని చూశాను. రాయి దొరకలేదు. నా అడుగున ముళ్ళు పెట్టిందే ఇలాంటివాళ్ళు జారకుండా ఉండడానికి. నేను పుట్టిన పుట్టుకని ఆ రోజు తిట్టుకున్నంత ఎప్పుడూ తిట్టుకోలేదు. వెనకనుంచి "బావా, బావా" అని వినిపిస్తూనే ఉంది. తర్వాత వినపడలేదు.

దిగుడు అయిపోయే చోట నీళ్ళ శిబిరం ఉంది. ఒక బల్ల, నీళ్ళ డ్రమ్ము, కోసిన ఆరెంజి తొనలు, ఉప్పు రాసిన బంగాళదుంప ముక్కలు. బల్ల వెనకాల సన్యాసిరావు గారు. రిటైరైన పోస్టుమాస్టరు. మోకాలు ఆపరేషనై ఏడాదిగా సంఘానికి రాలేదు, పోయినేడులాగే ఈసారి కూడా నీళ్ళివ్వడానికి కూర్చున్నారు. ఇతన్ని చూసి చేతులు చాచారు.

"ఏటండీ వరహాలరావు గారూ, ఈసారి కాళ్ళ మీదే వచ్చీసారే! పోయినేడు మాకెంత హడావుడి పెట్టేరు! మీ బావగారు ఊపిరాడకుండా పరిగెట్టుకొచ్చీ ఇదే బల్ల గుద్దేసి, మా బావ పడిపోనాడు, ఇప్పుడే మనుషుల్ని పంపండి అని ఒకటే గోల. స్ట్రెచరు కదిలేదాకా ఆయన కదల్లేదండీ. పతకం పోయినా లెక్కచెయ్యలేదు."

వరహాలరావు చెయ్యి ఆరెంజి తొన మీద ఆగిపోయింది.

"రూలు ప్రకారం చేసేరు పాపం," అన్నారు సన్యాసిరావు గారు. "కొండల్లో ఫోన్లు పలకవు గదా. పడ్డోడి పక్కన కూచుంటే ఏటొస్తాది, ముందుకొచ్చి చెప్పాలి గానీ."

ఆ రూలు వరహాలరావుకి తెలియనిది కాదు. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళని నిలబెట్టి ప్రతి ఆదివారం అతను చెప్పే పాఠమే అది. పడినవాణ్ణి చూస్తే ఆగకండి, ఇంకా వేగంగా వెళ్ళి ముందు శిబిరంలో చెప్పండి అని, వేలు చూపించి మరీ చెప్తాడు. ఆ స్ట్రెచరు ఎలా వచ్చిందో ఏడాదిలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తన కష్టాన్ని అందరికీ చెప్పుకునే హడావుడిలో తీరిక దొరకలేదు మరి.

"మీ బావగారు ముందెళ్ళిపోనారా, వెనకున్నారా? నాకు కనబళ్ళేదు."

ఇదిగో, ఇప్పుడు. ఒక్క మాట చాలు. మలుపు ఎంతో దూరం కాదు, మనుషులున్నారు, స్ట్రెచరు బల్ల పక్కనే చుట్టి ఉంది. వరహాలరావు నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తే, చూసి కూడా వదిలేసి వచ్చానని చెప్పాలి. స్ట్రెచరు వెనక తనూ కొండెక్కాలి. ఏడాదిగా చెప్పుకున్న కథంతా అబద్ధమని ఒప్పుకోవాలి. తెరిచిన నోట్లో ఆరెంజి తొన పెట్టుకున్నాడు.

"వెనకాల వస్తన్నాడు," అన్నాడు తొన నముల్తూ.

ఆ తర్వాత దారంతా అతను పరిగెత్తలేదు, పారిపోయాడు. ఆ తేడా నాకు బాగా తెలిసింది. పరిగెత్తే కాలు ముందుకు చూస్తుంది, పారిపోయే కాలికి వెనకే ధ్యాస. మడమ నొప్పి కూడా మర్చిపోయాడు.

చేరే చోట చప్పట్లు. మెడలో పతకం. నాగరత్నం మజ్జిగ సీసా పట్టుకుని ఎదురొచ్చింది. మొహంలో సంతోషం దాచుకోలేకపోతోంది. ఎవరు ఓడినా ఆవిడకి పుట్టిల్లు వచ్చేసినట్టే కదా.

"గెలిచీసావా అన్నయ్యా! ఏడీ, ఆయనేడి? దార్లో కనబడ్డారా?"

ఏడాది తర్వాత చెల్లెలు అన్నతో మాట్లాడిన మొదటి మాట అది. ఇతను మజ్జిగ సీసా అందుకుని, "లేదమ్మా, చూళ్ళేదు" అన్నాడు. గడగడా తాగేశాడు. ఆ మజ్జిగ ఎవరి కోసం తెచ్చిందో ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు.

ఆ మలుపు మీదుగా తర్వాత చాలామంది వచ్చారు. చాలామంది చెవుల్లో పాటలు పెట్టుకున్నారు, మిగిలినవాళ్ళకి ఏమీ వినపడలేదు. అప్పటికి తాతబాబుకి అరిచే ఓపిక పోయింది. అందరికంటే వెనక, రిబ్బన్లు విప్పుకుంటూ, దారి తప్పినవాళ్ళని వెతుక్కుంటూ వచ్చే స్వీపర్లు కొమ్మకి వేలాడుతున్న నారింజరంగు టోపీ చూసి కిందకి దిగారు. దింపుకొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. స్ట్రెచరు చూసి నాగరత్నం పెట్టిన కేక కొండలన్నీ విన్నాయి. వరహాలరావు కూడా స్ట్రెచరు ఒక కొస పట్టుకుని మోశాడు. ఎంత సాయం చేశాడండీ ఆయన, అని అందరూ మెచ్చుకున్నారు.

ఆస్పత్రిలో కాలు నిలిచింది గానీ ముందులా రాలేదు. వెంటనే తెచ్చుంటే కాలికి ఇంతసేపు రక్తం ఆడకుండా ఉండేది కాదని డాక్టరన్నాడు. ఇక నడిస్తే కుంటుతాడు, పరుగు అన్న మాట మర్చిపోవాలి. ఇదంతా నాగరత్నం ఫోనులో ఏడుస్తూ చెప్తుంటే సత్యవేణి ఏడుస్తూ విన్నది. వరహాలరావు రోజూ ఆస్పత్రికి క్యారేజీ పంపించాడు. తను మాత్రం వెళ్ళలేదు. మడమ నొప్పి అన్నాడు.

ఒక మధ్యాహ్నం తాతబాబే వచ్చాడు. చంకల్లో కర్రలు, కాలికి కట్టు. నాగరత్నం పక్కన పట్టుకుని నడిపించుకొచ్చింది. గుమ్మంలో నిలబడి, స్టాండులో ఉన్న నాకేసి ఒకసారి చూశాడు. తర్వాత తల ఎత్తి ఇతనికేసి చూశాడు.

"బావా, ఓడిపోనాను. ఒప్పుకున్న ప్రకారం ముందు నేనే మాటాడతన్నాను."

ఆడవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వారు, ఏడ్చారు. సత్యవేణి అన్నయ్యని సోఫాలో కూర్చోబెట్టి, కాలు ఎత్తి దిండు మీద పెట్టి, గారెలు వండడానికి వంటింట్లోకి పరిగెత్తింది. నాగరత్నం ఆవిడ వెనకే వెళ్ళింది. బావలిద్దరే మిగిలారు.

"బావా, ఆ రోజు..." అన్నాడు వరహాలరావు.

"నోర్ముయ్," అన్నాడు తాతబాబు. గొంతు పెంచలేదు. "మన ఆడాళ్ళు ఏడాది ఏడిశారు. ఇంక చాలు. నిన్నేదో క్షమించీసాననుకోకు. చచ్చినా క్షమించను. కానీ ఈ మాట నువ్వింకెప్పుడూ ఎత్తకు. ఎత్తితే అందరి ముందూ నేనే చెప్పీస్తాను."

గారెలు వచ్చాయి. తింటూ తింటూ నాగరత్నం ఆగింది.

"అన్నయ్యా, సన్యాసిరావు గారు ఆస్పత్రికొచ్చినప్పుడు ఒక మాటన్నారు. ఈయన వెనకాల వస్తన్నారని నువ్వు చెప్పావంట. మరి నాతో చూళ్ళేదన్నావేటి?"

వరహాలరావు చేతిలో గారె అలాగే ఉండిపోయింది. ఆ రోజు నాలో ముడుచుకున్నట్టే అతని కాలివేళ్ళు ఇప్పుడు ఒట్టి నేలని పట్టుకున్నాయి. సత్యవేణి ఒకసారి మొగుడికేసి, ఒకసారి అన్నకేసి చూసింది.

"ఆడదానివి, నీకెలా చెప్తాడే?" అన్నాడు తాతబాబు నవ్వుతూ. "నేను ఒంటేలుకని చెట్ల చాటుకెళ్ళాను. అప్పుడు బావ దాటీసాడు. ఇంక వెనకాలున్నట్టే గదా? ఆ తర్వాత పడ్డాను. పడ్డప్పుడు బావ చూళ్ళేదు." గారె తుంచి అల్లప్పచ్చడిలో ముంచాడు. "చూస్తే ఆగకుండా ఉంటాడేటి?"

"అదే నేనూ అన్నాను సన్యాసిరావు గారితో," అంది నాగరత్నం. గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మా అన్నయ్య చూస్తే ప్రాణమిచ్చైనా తీసుకొచ్చీవాడు అన్నాను."

అప్పుడు వరహాలరావు మొహం చూడాల్సింది. నాకు జాలి కలగలేదు. మీకు కలిగితే అది మీ మంచితనం.

అతను మళ్ళీ పరిగెత్తలేదు. నన్ను ఒకరోజు చెత్తబండిలో వేయబోతుంటే సత్యవేణి చేతిలోంచి లాక్కుంది. ఈ బూట్లు గెలవబట్టే గదా రెండిళ్ళూ కలిశాయి అంది. సబ్బుతో రుద్ది, ఎండలో ఆరబెట్టి, కొత్త లేసులు కట్టి, హాల్లో అద్దాల షోకేసులో పెట్టింది. ఒక పక్క వాళ్ళ పెళ్ళి ఫోటో, ఇంకో పక్క ఆ పతకం, మధ్యలో నేనూ నా జోడూ. వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తుంది. నా జోడు "పోనీలే, గౌరవంగా ఉన్నాం కదా" అంటుంది. నేను గౌరవం కోసం ఉండడం లేదు. సోఫాకి సరిగ్గా ఎదురుగా ఉన్నాను. వరహాలరావు పేపరు చదివినా, టీవీ చూసినా, అన్నం తిన్నా నా ఎదుటే. అతను కళ్ళు తిప్పుకున్నా నేను తిప్పుకోను.

తాతబాబు ఆదివారం ఆదివారం వస్తాడు. కర్రలు పోయాయి, కుంటు మిగిలింది. వచ్చి నా ఎదురుగా కూర్చుని, కాలు చాపుకుని, ఒక్కసారి పిలుస్తాడు. వరహాలరావు లోపల గదిలో ఉన్నా, స్నానాల గదిలో ఉన్నా, తడికాళ్ళతోనే పరిగెత్తుకుంటూ వచ్చి నిలబడతాడు. ఏం కావాలి బావా అంటాడు. మంచినీళ్ళో, పేపరో, ఏదో ఒకటి అడుగుతాడు తాతబాబు. ఇద్దరి మధ్యా ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు మురిసిపోతారు.

ఇప్పుడు "బావా" అని మెల్లగా పిలిచినా చాలు, వచ్చేస్తాడు. ఆ రోజు ఇంతకంటే గట్టిగానే పిలిచాడు.